అడగని పెట్టె

మంగతాయారు ఒకసారి ఒక పెళ్ళికి బయల్దేరి, ఇంకో పెళ్ళికి వండిపెట్టి వచ్చింది. ఈ సంగతి తెలియనివాళ్ళు మడుగులంకలో లేరు. ఊరంతా చాటింది ఆమె మొగుడు తాతాజీయే. ఇంకొకడైతే ఇంటిగుట్టని దాచుకునేవాడు. తాతాజీ మాత్రం కొబ్బరికాయల బేరానికి వెళ్ళిన ప్రతి తోటలోనూ, టీకొట్టు బల్ల మీద కూర్చున్న ప్రతిసారీ, అదేదో తమ ఇంటికొచ్చిన బిరుదులాగా చెప్పేవాడు.

"కపిలేశ్వరపురం ఎల్లాలండి. కాలవగట్టు దాకా బానే ఎల్లింది. అక్కడ ఎడంపక్క తిరగాల్సింది, కుడిపక్క తిరిగింది. ఎదురుగుండా పందిరీ, సన్నాయీ. సరిగ్గానే వచ్చానని ఈవిడ కారు దిగిందండి. డిక్కీలో గరిటెలు సూసి, 'అమ్మయ్య, వంటోళ్ళొచ్చేసేరు' అని సెయ్యట్టుకుని లాక్కెళ్ళి పొయ్యి ముందు నిలబెట్టేరు. ఆళ్ళ వంటోడు రాలేదంట! ఇంకేవుంది, పులిహోర కలిపి, పనసపొట్టు కూరొండి, బూరెలు తీసి అప్పుడు సూసుకుందండి, పెళ్ళికూతురి పేరు వేరే అని."

"మరి ఆ కపిలేశ్వరపురం వాళ్ళేం తిన్నారయ్యా?" అని ఎవరో ఒకరు అడిగేవారు.

"ఈవిడ కింద పనిసేసే ఆడోళ్ళు ముందే వేన్లో ఎల్లిపోయేరు కదా. ఆళ్ళే ఒండి నెట్టుకొచ్చేసేరు. కానీ తిన్నోళ్ళు ఇప్పటికీ గొణుగుతానే ఉంటారండి. తాయారు సెయ్యి పడలేదు కదా మరి!"

ఈ చివరి మాట చెప్పడం కోసమే అతను కథంతా చెప్పేవాడు.

పొయ్యి దగ్గర తాయారుకి తిరుగులేదు. గుండిగలో బెల్లం పాకం ఎప్పుడు ముదురుతుందో వాసనని బట్టి చెప్పగలదు. చేత్తో ముట్టుకోకుండానే ఏ బియ్యానికి ఎసరు ఎంత పొయ్యాలో చెప్పగలదు. మండపేట నుంచి రాజోలు దాకా పెద్దింటి పెళ్ళి ఏదైనా ముందు ఆమె ఖాళీయో కాదో కనుక్కుని తరవాత ముహూర్తం పెట్టించుకునేవారు. కానీ దిక్కులు మాత్రం ఆమెకి అంటవు. సొంత ఊరి చివర కూడలిలో నిలబడి, అమలాపురం ఎటు అని ఆలోచించే మనిషి. ఆ మనిషి నలభై దాటాక కారు నేర్చుకుంది. పసుపురంగు కారు, వెనకద్దం మీద గరిటె బొమ్మ. తాతాజీకి స్టీరింగు పట్టుకుంటే అరచేతులు తడిసిపోతాయి, నేర్పబోయినవాడు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. అందుకని కారు తాయారుది, కారు గొప్పలు తాతాజీవి.

ఫోనులో దారి పెట్టుకోవచ్చు కదా అంటే అదీ కుదరలేదు. దారి మధ్యలో ఉండగా పెళ్ళివాళ్ళు ఫోను చేసి పనసకాయలు ఎన్ని కొట్టించమంటావని అడుగుతారు. ఈవిడ పనసకాయల లెక్కలో పడుతుంది. మలుపు వెనక్కి వెళ్ళిపోతుంది. అందుకని కారుకే బిగించే దారిపెట్టె ఒకటి కొనిపెడదామని తాతాజీ ఆమెని అమలాపురం తీసుకెళ్ళాడు.

కొట్టువాడు మొదటి పెట్టెని కారులో పెట్టి మీట నొక్కాడు. తాయారు స్టీరింగుని ముట్టుకుని కళ్ళకద్దుకుని, పట్టుకుంది.

"నమస్కారం. ఎక్కడికి వెళ్ళాలి?" అంది పెట్టె, తేనె పూసిన గొంతుతో.

తాయారు చేతులు వెనక్కి తీసేసుకుంది. "ఓసి దీని మొహం ఈడ్చా! శుభవా అని బండెక్కుతుంటే ఎక్కడికని అడుగుద్దేంటి బావా?"

ఆమె కారు దిగింది. కొట్టులోకి వెళ్ళి ఒక గుక్క మంచినీళ్ళు తాగింది. బల్ల మీద కాసేపు కూర్చుంది. బయల్దేరేటప్పుడు ఎవరైనా ఎక్కడికని అడిగితే పని చెడుతుందని, అలా కూర్చుని లేస్తే దోషం పోతుందని ఆ వైపు పసిపిల్లలకి కూడా తెలుసు. మరీ అడక్క తప్పకపోతే "ఎందాకా?" అంటారు, అదీ మొహం పక్కకి తిప్పుకుని. ఈ మర్యాద పెట్టెని తయారుచేసినవాళ్ళకి తెలియదు.

రెండో పెట్టె మగగొంతుతో అదే అడిగింది. ఆమె మళ్ళీ దిగి, నీళ్ళు తాగి, కూర్చుంది. మూడో పెట్టె, "దయచేసి మీ గమ్యం తెలపండి" అంది.

"గమ్యం అంటే ఏంటి బావా?"

తాతాజీ నసిగాడు. "అంటే... ఎల్లాల్సింది ఎక్కడికీ అని."

"ఎంత తిప్పి అడిగితే మాత్రం!" ఆమె మళ్ళీ దిగిపోయింది.

"అమ్మా, కొట్లో మంచినీళ్ళు అయిపోయేలా ఉన్నాయండి. ప్రపంచంలో ఏ పెట్టె అయినా అడక్కుండా ఎలా తీసుకెళ్ళుద్దండి?" అన్నాడు కొట్టువాడు.

"మా ఆయన పెళ్ళైన కాడ్నించీ ఒక్కసారన్నా అడగలేదు. మనిషికి సేతనైంది మిషనుకి సేతకాదా?" అంది తాయారు. పక్కన నిలబడ్డ తాతాజీ ఛాతీ ఒక అంగుళం పెరిగింది.

ఆ మాట కాకినాడలో ఉన్న ఇందుమతి దాకా వెళ్ళింది. ఇందుమతి తాతాజీ అక్క కూతురు. అక్కడొక ప్రయోగశాలలో నాడుల మీద, కండరాల మీద పనిచేస్తోంది. మావయ్య ఫోనులో కొట్టువాడి గోలంతా చెబుతుంటే పడీపడీ నవ్వి, ఉన్నట్టుండి నవ్వు ఆపింది.

"మావయ్యా, అడగని పెట్టె నా దగ్గర ఉంది. ఇంకా బజార్లోకి రాలేదు. నడిపి చూసేవాళ్ళు కావాలి. అత్త ఒప్పుకుంటుందా?"

మరుసటి ఆదివారం ఆమే వచ్చింది. పలచటి నల్లటి తోలులాంటి దాన్ని కారు స్టీరింగుకి తొడిగింది. దాని తీగని చిన్న పెట్టెకి కలిపింది.

"అత్తా, నువ్వేం చెప్పకు. ఊరికే పట్టుకో."

తాయారు పట్టుకుంది. పెట్టెలోంచి చప్పుడేమీ రాలేదు. స్టీరింగు మాత్రం పిల్లి గురకపెట్టినట్టు సన్నగా అదిరింది.

"ఇప్పుడిది నీ అరచేతులకి ఊళ్ళు చూపిస్తోంది. చెవికి వినబడదు, కంటికి కనబడదు. ఒక్కో ఊరి దారి మలుపుల్ని నీ చేతుల్లో గీస్తుంది. మనసులో ఉన్న ఊరు రాగానే చేతుల్లోని కండరం ఉలిక్కిపడుతుంది. అది నీకూ తెలియదు. దానికి తెలుస్తుంది."

"సోది సెప్పే ఆవిడ సెయ్యట్టుకున్నట్టు," అంది తాయారు.

అంతలో పెట్టె నెమ్మదిగా అంది: "వానపల్లి దారి. పదండి, వెళ్ళొద్దాం."

తాయారు నోరు తెరిచింది. ఎల్లుండి సీమంతానికి పనసకాయలు వానపల్లి తోటలోంచి తేవాలని పొద్దుటి నుంచీ అనుకుంటోంది, నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు. ఆమెని ఇంకా ముగ్ధురాలిని చేసింది రెండో మాట. వెళ్దాం అనలేదు, వెళ్ళొద్దాం అంది.

"ఇది మనింటి పిల్ల బావా," అంది పెట్టెని నిమురుతూ.

ఆ వేసవి పెళ్ళిళ్ళన్నిటికీ పసుపుకారు వేళకి చేరింది. పెట్టె ఆమెతో అవసరమైనంత మాట్లాడేది. "ఎడమకి", "వంతెన దాటి కుడికి", "చేరాం". తాతాజీ టీకొట్టులో కొత్త కథ మొదలెట్టాడు. మా ఆవిడ అరచేతిలో జిల్లా అంతా ఉందనీ, గవర్నమెంటు వాళ్ళు మ్యాపు గీసుకోడానికి ఆవిడ చెయ్యి అడుగుతున్నారనీ. ఈ రెండోది అబద్ధమే, కానీ చెప్పగా చెప్పగా తాతాజీకే అనుమానం వచ్చింది, నిజంగా అడిగారేమోనని.

శ్రావణమాసంలో రామచంద్రపురంలో రైస్ మిల్లు చౌదరిగారి పెద్దమ్మాయి పెళ్ళి. ఆ చుట్టుపక్కల అంత పెద్ద వంట ఆ ఏడాది లేదు. అది నిలబడితే రెండో అమ్మాయి పెళ్ళీ తాయారుదే. సామాన్లూ మనుషులూ ముందే వెళ్ళిపోయారు. తాయారు తెల్లవారగానే తలంటుకుని, కారెక్కి, "ఎల్లొత్తా బావా" అంది.

ఆమె వెళ్ళేసరికి విస్తళ్ళు వేసేశారు.

వంట చెడలేదు. కింది ఆడవాళ్ళు గట్టివాళ్ళే. కానీ గారెలు ఆవిడ చేత్తో తీసినవి కావని మగపెళ్ళివారిలో ఒక ముసలాయన మొదటి ముక్కకే పట్టేశాడు. మిల్లు చౌదరిగారు కోప్పడలేదు. "ఈసారికి సరేలేమ్మా" అన్నారు. ఆ మాటలో "ఈసారి" అన్న ముక్కే తాయారుకి గుచ్చుకుంది.

"ఏవైందే?" అన్నాడు తాతాజీ ఇంటికొచ్చాక.

"పెట్టె మూగబోయింది." అంతే. గరిటెలు తోమడానికి కూర్చుంది. తాతాజీ ఆమె మొహంలోకి చూశాడు. అక్కడ బాధ ఉంది. దాని పక్కనే ఇంకేదో కూడా ఉంది, పండగ చేసుకొచ్చిన పిల్ల సంబరం దాచుకున్నట్టు. అది ఏమిటో అతనికి అందలేదు.

ఆ తరవాత ఇంకో రెండు పెళ్ళిళ్ళకి అలాగే అయింది. ఆలస్యమే గానీ పరువు పోయేంత కాదు. తాతాజీ అడగలేదు. ఎక్కడికెళ్ళావని వచ్చాక అడిగినా అది అడిగినట్టే అని అతని లెక్క.

అడగాల్సినవాళ్ళు అడిగారు. ఒక పొద్దున్న టీకొట్టు బుల్లెబ్బాయి గ్లాసు అందిస్తూ, అందరూ వినేలా అన్నాడు. "ఏం తాతాజీ అన్నా, మొన్న పెళ్ళి ద్రాక్షారామంలో కదా? మా అల్లుడు ఉప్పాడ రోడ్డులో సముద్రం పక్కన సూసేడంట పసుపుకారు. గరిటె బొమ్మ కూడా సూసేడంట. సేపలకి కూడా వంట మొదలెట్టిందేంటి వదిన?"

బల్ల మీదవాళ్ళు గ్లాసుల్లోకి నవ్వుకున్నారు. ఎప్పుడూ మాటకి తడుముకోని తాతాజీ ఆ పూట టీ సగంలో వదిలేసి లేచాడు. నోట్లో కారం నమిలినట్టుంది. ద్రాక్షారామానికీ ఉప్పాడకీ పొంతనేమిటి? సముద్రం ఒడ్డున ఆవిడకెవరున్నారు?

కాసేపటికే ఇందుమతి ఫోను చేసింది. గొంతు బాలేదు. "మావయ్యా, ఒక్కడివే రాగలవా?"

బస్సులో కాకినాడ వెళుతున్నంతసేపూ తాతాజీ తనకి తాను నచ్చచెప్పుకున్నాడు, పెట్టెలో తీగేదో ఊడుంటుందని.

ప్రయోగశాల అనుకున్నంత గొప్పగా లేదు. పొడుగాటి గది. వరసగా స్టీరింగులు, వాటికి కార్లు లేవు. ఇందుమతి కళ్ళకింద నల్లటి చారలు.

"ఈ పెట్టెలు తీసుకున్నవాళ్ళందరిదీ ఒకటే గొడవ మావయ్యా," అంది. "మొదట్లో బాగానే ఉంటుంది. పెళ్ళికి వెళ్ళాలంటే పెళ్ళికి, ఆఫీసంటే ఆఫీసుకి. పోనుపోను పెట్టెకి చేతుల లోతు తెలుస్తుంది. అప్పుడు వెళ్ళాల్సిన చోటు కంటే, వెళ్ళాలని ఉన్న చోటు గట్టిగా వినబడుతుంది దానికి. ఒక బ్యాంకు మేనేజరు రోజూ క్రికెట్ గ్రౌండు ముందు తేలుతున్నాడు. ఒకాయన పదేళ్ళుగా మాటల్లేని తమ్ముడి గుమ్మంలోకి వెళ్ళి పడ్డాడు. వాళ్ళిద్దరూ కలిశారులే, అది మంచిదే. కానీ ఇంకొకావిడ..." ఆగిపోయింది. "ఆవిడ భర్త ఇక్కడికొచ్చి ఆ స్టీరింగుని సుత్తితో కొట్టి వెళ్ళాడు. తప్పు స్టీరింగుదా? నాదా? నిద్ర పట్టడం లేదు మావయ్యా. చేతులు దాచుకున్నదాన్ని నేను బయటికి లాగాను."

తాతాజీ ఆ స్టీరింగుల వరసని చూశాడు. "మరి మీ అత్త సేతులు?"

ఇందుమతి, పెట్టెలు పంపే లెక్కలు కనబడే తెర వెలిగించింది. అందరి చేతులకీ ఒక్కో మ్యాపు ఉంది, మ్యాపులో ఎర్రటి చుక్క. ఎవరి చుక్క వారిది. తాయారు మ్యాపులో చుక్క లేదు. దారులున్నాయి, సన్నటి వెలుగుతో. యానాం వంతెన, కోరంగి మడఅడవుల పక్క రోడ్డు, ఉప్పాడ సముద్రపు కట్ట. వెలుగంతా దారి పొడుగునా సమానంగా పరుచుకుని ఉంది. ఎక్కడా ముద్ద కట్టలేదు.

"అంటే ఎక్కడికి?" అనేశాడు తాతాజీ. అన్నాక నాలుక కరుచుకున్నాడు. జన్మలో మొదటిసారి అడిగాడు.

"ఎక్కడికీ కాదు," అంది ఇందుమతి.

వెనకనుంచి ఇంకో గొంతు వచ్చింది. ప్రయోగశాల డైరెక్టరు సుదర్శనంగారు, తెల్లచొక్కా, చల్లటి నవ్వు. "తోలు పాడైందండి, అంతే. ఊరంటూ లేకుండా మనిషి చేతులుండవు. కావాలంటే మీరు పట్టుకుని చూడండి."

తాతాజీ ఒక స్టీరింగు ముందు కూర్చున్నాడు. అరచేతులు అలవాటుగా తడిసిపోయాయి. తెర మీద ఎర్రచుక్క టక్కున పడింది. మడుగులంక. ఇంకా దగ్గరకి వెళ్ళి చూస్తే, ఇల్లు. ఇంకా దగ్గరకి వెళితే, వెనకవైపు వంటిల్లు.

"నీ చేతులు గుమ్మం దాటవు మావయ్యా," అని నవ్వింది ఇందుమతి.

తాతాజీకి నవ్వు రాలేదు. తన చేతుల నిండా ఆ ఇల్లే ఉంది. ఆమె చేతుల్లో ఆ ఇల్లు చుక్కంత కూడా లేదు. కొబ్బరికాయ నెత్తిన పడినట్టయింది.

సుదర్శనంగారు ఒక ఫోను తీసి అతని చేతిలో పెట్టారు. "మేం ఒక కొత్త సౌకర్యం తెస్తున్నాం. ఇంటి కిటికీ అని పేరు. ఆవిడ చేతులు ఏం కోరుతున్నాయో మీరు ఇంట్లో కూర్చుని ఇందులో చూసుకోవచ్చు. ఆవిడకి తెలియాల్సిన పని లేదు. కొత్త తోలు తొడుగుతాం. ఊరు లేదని అనదు, ఏదో ఒక ఊరు తేల్చి తీరుతుంది. పెట్టె జీవితాంతం మీకు ఊరికే. మీలాంటి దంపతులు వాడారంటే జనం నమ్ముతారు."

ఫోను చల్లగా, నున్నగా ఉంది. దాని మీద చిన్న కిటికీ బొమ్మ. వేలు పెడితే తెరుచుకుంటుంది. తాతాజీ వేలు అక్కడిదాకా వెళ్ళింది. బుల్లెబ్బాయి నవ్వు చెవిలో మోగింది. అవతల తాయారు ఏం చేస్తూ ఉంటుందో? మధ్యాహ్నప్పూట, గరిటెలు ఆరబెట్టి, కొంగు నడుముకి దోపుకుని... కొట్టులో ఆమె అన్న మాట గుర్తొచ్చింది. మా ఆయన ఒక్కసారన్నా అడగలేదు.

ఫోనుని స్టీరింగు మీద పెట్టేశాడు.

"బాబుగారూ, మా వైపు ఆడమనిషి గానీ మగమనిషి గానీ గడప దాటుతుంటే ఎక్కడికని అడగవండి. ఎదురుగుండా నిలబడే అడగనోడ్ని, ఎనకమాల నుంచి ఫోనుతో అడిగించమంటారా?"

"అడగడం కాదండీ, చూడ్డమే."

"అది ఇంకా సెడ్డ," అన్నాడు తాతాజీ. లేచి నిలబడ్డాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి తాయారు పెరట్లో కూర్చుని చింతపండు రాసి ఇత్తడి గరిటెలు తోముతోంది. తాతాజీ చెప్పులు కూడా విప్పకుండా గట్టు మీద కూర్చున్నాడు. ఏదీ దాచలేదు. బుల్లెబ్బాయి మాట, తెర మీద దారులు, చుక్క లేకపోవడం, కిటికీ ఫోను, తన వేలు దాని దాకా వెళ్ళడం, అంతా చెప్పేశాడు. చివరికి తన ఎర్రచుక్క వంటింట్లో పడిన సంగతి కూడా.

తాయారు గరిటె తోమడం ఆపలేదు. అప్పటికే అది అద్దంలా మెరుస్తోంది.

"ఆ పెళ్ళి రోజు," అంది చివరికి, "వంతెన దాటేక అది ఎడవకని సెప్పాలి. సెప్పలేదు. నేనూ తిరగలేదు. ఇంకా సెప్పుద్దిలే అనుకున్నాను. సెప్పలేదు. అలా ఎల్లిపోతానే ఉన్నాను బావా. కోరంగి, కాకినాడ, ఆ తరవాత ఇంక ఒకపక్కంతా సముద్రమే. అద్దం దించేను. జుట్టంతా రేగిపోయింది. సిన్నప్పుడు మా అమ్మెనకాల గుండిగలు మోసుకుంటా ఎల్లేదాన్ని. అప్పట్నించీ నేను ఎటెళ్ళినా ఆ సివర ఒక పొయ్యుండాల్సిందే. ఎవళ్ళదో పెళ్ళి, ఎవళ్ళదో బారసాల. మొదటిసారి పొయ్యి లేని దారి సూసేను. తప్పిపోయేనని భయం రాలేదు. తప్పిపోవడానికి నన్నెవళ్ళూ ఎక్కడికీ రమ్మనలేదుగా."

"మరి పెళ్ళి?"

"గుర్తొచ్చింది. గుండె గుబేలుమంది. ఎనక్కి తిరిగేను. అప్పుడు మళ్ళీ మాటొచ్చింది దానికి."

తాతాజీ కండువా అంచుని వేలికి చుట్టుకున్నాడు. అడగకూడదనే అనుకున్నాడు. నోరు ఆగలేదు. "ఆ సేతుల్లో ఇల్లు లేదంట తాయారూ."

ఆమె తల ఎత్తి అతన్ని చూసింది. నవ్వు పొంగుకొచ్చింది. "ఓరి పిచ్చి బావా! ఇల్లెక్కడుంటాది సేతుల్లో? నేను దార్లోకి ఎల్లేక ఎనకాల ఇల్లు పరిగెత్తుకొత్తాదా? నువ్వు ఇక్కడ గట్టుమీద కూకునుంటావని తెలుసు కాబట్టేగా నాకు భయం రాలేదు. సొంతిల్లు లేనోళ్ళు కంగారుపడతారు గానీ, నాకేం?"

ఆ మాట విన్నాక తాతాజీ చెప్పులు విప్పాడు.

"ఆ పెట్టె ఉంచుతావా, తీసేత్తావా? పెట్టె నీది, సేతులు నీయి," అన్నాడు.

తాయారు చింతపండు చేతులు కడుక్కుంది. కారు దగ్గరికి వెళ్ళి, స్టీరింగు మీద తోలుని, చేప పొలుసు వలిచినట్టు, ఒక్క గుంజుతో లాగేసింది. పెట్టెని ఒకసారి నిమిరి, అతని చేతిలో పెట్టింది.

"మంచి పిల్లే పాపం. నా సేతుల సంగతి నాకు సెప్పింది. అది తెలిసేక ఇంక దీంతో నాకేం పని? ఇందూకి ఇచ్చెయ్. అన్నం తింటందో లేదో, నిద్ర పోవట్లేదన్నావుగా, సున్నుండలు సుట్టేను, అయి కూడా అట్టుకెళ్ళు."

మర్నాడు కాకినాడలో ఇందుమతి పెట్టె తీసుకుంది. సున్నుండ అక్కడే నిలబడి తింది. "పెట్టె బజారులోకి వస్తుంది మావయ్యా, కిటికీతోనే వస్తుంది. నేను ఆపలేను. కానీ ఆ పనిలో నేనుండను," అంది. పక్షవాతం వచ్చి చేతులు పడిపోయినవాళ్ళున్నారు కదా, వాళ్ళ వేళ్ళు ఏం పట్టుకోవాలనుకుంటున్నాయో ఈ తోలు చెబుతుందేమో చూస్తానంది. "అత్త రీడింగు మాత్రం తప్పు కాదు. ఇంతమందిలో చుక్క లేని చేతులు అవొక్కటే. సుదర్శనంగారు తోలు పాడైందంటారు. నేను మాత్రం అలా అనను."

"నువ్వనకే. పదిమందికీ సెప్పు," అన్నాడు తాతాజీ. బస్సెక్కేదాకా అతని ఛాతీ దిగలేదు.

ఇంతా అయ్యాక మొదటి చిక్కు అలాగే ఉంది. తాయారుకి దిక్కులు అంటవు. మిల్లు చౌదరిగారు రెండో అమ్మాయి పెళ్ళికి కబురు పంపారు, "ఈసారి తెల్లారేసరికి పొయ్యి దగ్గరుండాలి" అని మరీ చెప్పి. ఆ ఒక్క పెళ్ళితో పేరు నిలబడుతుంది, లేదంటే జారిపోతుంది. తాతాజీ అమలాపురం కొట్టుకి ఒక్కడే వెళ్ళాడు. కొట్టువాడు అతన్ని చూసి మంచినీళ్ళ కూజా లోపల పెట్టేశాడు.

"ఆ మొదటిది ఇయ్యండి, తేనె గొంతుది."

"అది అడుగుద్దండీ బాబూ!"

"అడగనీండి."

పెళ్ళినాడు వేగుచుక్క ఉండగానే తాతాజీ స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, కారు దగ్గరికి వెళ్ళాడు. జీవితంలో మొట్టమొదటిసారి తనంతట తను డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. స్టీరింగు పట్టుకున్నాడు. అరచేతులు తడిసిపోయాయి. మీట నొక్కాడు.

"నమస్కారం. ఎక్కడికి వెళ్ళాలి?"

"రామచంద్రపురం, మిల్లు చౌదరిగారి పందిరి కాడికి," అన్నాడు గట్టిగా. పెట్టె దారి గీసుకుంది. అతను కారు దిగాడు. చెంబెడు నీళ్ళు తాగాడు. అరుగు మీద కాసేపు కూర్చున్నాడు. అప్పుడు ఇంట్లోకి కేకేశాడు. "తాయారూ, రా! అడగాల్సింది నన్నడిగేసింది. దోషవేదన్నా ఉంటే నా కాడే ఆగిపోయింది. ఇంక నిన్నేవీ అడగదు."

గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్న తాయారు కొంగుతో మొహం తుడుచుకుంది. చెమటేం లేదు. "ఎల్లొత్తా బావా" అంది.

ఆ పెళ్ళిలో గారెలు ఆమె చేత్తోనే తీసింది. కిందటిసారి మొదటి ముక్కకే పట్టేసిన ముసలాయన ఈసారి పెద్దల్లుడి చుట్టంగా వచ్చి, మూడో విడత కూడా వేయించుకుని, వంటావిడని పిలిపించి, లేచి నిలబడి నమస్కారం పెట్టాడట.

అప్పటినుంచి పెళ్ళి ఉన్న ప్రతి పొద్దున్నా అదే తంతు. తాతాజీ కూర్చుంటాడు, పెట్టె అడుగుతుంది, అతను చెబుతాడు, నీళ్ళు తాగుతాడు. ఎప్పటికో చేతులు తడవడం కూడా తగ్గింది.

మార్గశిరంలో ఒక పొద్దున్న తాయారు తలంటుకుని, జుట్టు వదులుగా ముడేసుకుని, తాళం చెవి పట్టుకుని వచ్చింది. ఆ రోజు పెళ్ళి లేదు. డిక్కీలో గరిటెలు లేవు. తాతాజీ అలవాటుగా సీట్లో కూర్చుని మీట నొక్కేశాడు.

"నమస్కారం. ఎక్కడికి వెళ్ళాలి?"

అతను పెట్టె వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. తరవాత మీట మళ్ళీ నొక్కి పెట్టెని ఆర్పేశాడు. దిగి, తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"ఎల్లిరా."

"దారి తెలీకపోతే?"

"నోరుందిగా. దారడుక్కుంటా వచ్చెయ్."

పసుపుకారు కాలవగట్టు ఎక్కింది. చివర కూడలిలో ఒక్క క్షణం ఆగింది. తరవాత ఎటో ఒకవైపు తిరిగింది. తాతాజీ కండువా దులుపుకుని టీకొట్టుకి వెళ్ళి, బల్ల మధ్యలో, నలుగురికీ కనబడేలా కూర్చున్నాడు.

పొద్దెక్కాక బుల్లెబ్బాయి ఫోను చూసుకుంటూ వచ్చాడు. కళ్ళు మెరుస్తున్నాయి. "తాతాజీ అన్నా! మా అల్లుడు ఫోను సేసేడు. వదిన కారు ఇయ్యాల మళ్ళీ కనబడిందంట. పెళ్ళిళ్ళు కూడా లేవు కదా, ఎక్కడికెళ్ళిందంటావు?"

తాతాజీ టీ ఆఖరి గుక్క దాకా తాగి, గ్లాసు బోర్లించి పెట్టాడు.

"ఎక్కడ కనబడిందంట?"

"ఉప్పాడ రోడ్డులో, సముద్రం పక్కన."

"అయితే అక్కడికే ఎల్లిందిరా," అన్నాడు తాతాజీ, బల్ల మీదున్న వాళ్ళందరి వైపూ ఒకసారి తిరిగి చూసి. "ఇంకో టీ పొయ్యి."